అంచున రెండు మెలికలు

ఫిబ్రవరి 3, బుధవారం

పదకొండు మంది! లైబ్రరీ మెట్ల కింద పెట్టిన బోర్డు పనిచేసింది. "చేతి లేసు అల్లిక. ఏమీ రానివాళ్ళే రండి" అని రాశాను. మా ఆయన అది చదివి, "పిలుస్తున్నావా, తిడుతున్నావా?" అన్నారు. పిలిచినా తిట్టినా పదకొండు మంది వచ్చారు. మేడ మీద గదిలో కుర్చీలు చాలక పక్క గదిలోంచి తెచ్చుకున్నాం.

లెక్కల మేష్టారు ఒకాయన, ఈమధ్యే రిటైరయ్యారట. "ఇంట్లో కూర్చుని నా కూరలో తప్పులు పట్టకండి, ఎక్కడికైనా వెళ్ళండి" అని భార్య తరిమేసిందట. మందుల షాపులో పనిచేసే అమ్మాయి ఒకతె. ఒకేలా నవ్వే తల్లీకూతుళ్ళు. పళ్ళ డాక్టరు దగ్గర ఫోన్లెత్తే ఆవిడ ఒకరు. పగలంతా "సారీ అండీ, డాక్టరుగారు ఇంకా రాలేదు" అని అనీ అనీ ఆ మాట నాలుక మీదే ఉండిపోయినట్టుంది. కుర్చీ చప్పుడైతే సారీ, బాబిన్ కింద పడితే బాబిన్‌కి కూడా సారీ. పేరు చెప్పింది గానీ నాకు మాత్రం ఆవిడ సారీగారే.

అల్లడానికి తలో గట్టి దిండు ఇచ్చాను, దాని మీద చిల్లుల నమూనా అట్ట, చిల్లుకో పిన్ను. దారం చుట్టిన చెక్క బాబిన్లు, జతలు జతలుగా. ఈ చేతిలో ఒక జత, ఆ చేతిలో ఒక జత. దాటించు, మెలిపెట్టు, దాటించు. లేసు మొత్తం ఈ రెండు కదలికలే అని చెప్తే "ఇంతేనా!" అన్నారు. ఆ మాట అన్న మొహాలు అరగంట తర్వాత చూడాలి.

అంచు దగ్గర పిన్ను గుచ్చాక ఒక మెలిక చాలని చెప్పాను. నా చేతికి రెండు అలవాటు, అది నాకు లేసు నేర్పిన మా వదిన దగ్గర అబ్బింది. కొత్తవాళ్ళకి ఒకటే నయం, లెక్క తప్పరు.

వదిన వేళ్ళు బిగుసుకుపోయి క్లాసు నా చేతికొచ్చాక ఇది మూడో బ్యాచి. మొదటి రెండూ ఎలా ముగిశాయో ఇక్కడ రాయను.

ఫిబ్రవరి 10, బుధవారం

ఏడుగురు.

మందుల షాపు అమ్మాయి ఏడ్చింది. రెండు వరసల కింద ఒక జత దాటించడం మరిచిపోయింది, అక్కణ్ణించి అంతా వంకర. "విప్పితే పోతుందమ్మా" అన్నాను. విప్పడమంటే పిన్ను తీసి, చేసినదంతా చివర నుంచి వెనక్కి విప్పుకుంటూ రావాలి. మెలిక విప్పు, దాటింపు విప్పు. అరగంట కష్టం వెనక్కి పోతుందనగానే మారిన ఆ పిల్ల మొహం చూడలేక అలాగే వదిలేయమన్నాను. నా చిన్నప్పుడు వదిన విప్పనిచ్చేది కూడా కాదు. కత్తెర తెచ్చి నా ఎదురుగా కరక్‌మనిపించి, "మళ్ళీ మొదలుపెట్టు" అనేది. ఎన్ని రాత్రులు దిండులో మొహం పెట్టుకుని ఏడ్చానో. లేసు దిండు కాదు, పడుకునే దిండు.

వెళ్ళేటప్పుడు మేనేజరు మెట్ల దగ్గర ఆపాడు. "అమ్మా, వ్యాయామం క్లాసువాళ్ళు ఈ గది అడుగుతున్నారు. వాళ్ళకి ముప్ఫై మంది. మీకు కొత్త బ్యాచికి ఎనిమిది మంది లేకపోతే నేనేం చెప్పను వాళ్ళకి?" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. మర్యాదగా అన్నమాటకి కోపం కూడా తెచ్చుకోలేం.

వదిన తాళంచెవి నా చేతిలో పెట్టిన రోజు, "మూసేసేలా ఉంటే ముందే చెప్పు, నేనే వచ్చి తాళం వేస్తాను" అంది. ఆ తాళం ఆవిడ చేత వేయించను.

ఫిబ్రవరి 11, గురువారం

గదికి వెళ్ళాను. బీరువాలో దిండ్లు సర్దాలని. మందుల షాపు అమ్మాయి దిండు మీద కప్పిన గుడ్డ తీసి చూశాను. ఆ వంకర వరసలు విప్పి, సరిగ్గా అల్లి పెట్టాను. కొంచెమే. పాపం, పిల్ల.

ఫిబ్రవరి 17, బుధవారం

ఆ పిల్ల గుడ్డ తీసి, "అరె, నేను అనుకున్నంత ఘోరంగా లేదే!" అంది. ఆ మొహం వెలిగిపోవడం చూడాలి. ఇవాళంతా హుషారుగా చేసింది. తప్పులు లేవని కాదు, ఏడవలేదు.

ఒక వారం మానేసిన పొడుగాటి ఆవిడ కూడా తిరిగొచ్చింది. ఎనిమిది మంది.

సారీగారు ఎదురుగా కూర్చున్నారు. ఆవిడ చేతికీ దారానికీ ఏదో పాత పగ ఉన్నట్టుంది. కుడి జత ఎడమకి వస్తుంది, ఎడమ జత కిందికి వెళ్తుంది, పిన్ను అట్ట దాటి దిండులోకి దిగిపోతుంది. "మా అత్తగారు నా చేతులు కాళ్ళంటారండీ, సారీ" అని నవ్వారు. ఇంకెవరూ నవ్వలేదు.

ఫిబ్రవరి 18, గురువారం

అన్ని దిండ్లూ సర్దాను. ఒకరిదే సర్దితే అన్యాయం కదా.

సారీగారిది పూర్తిగా విప్పాల్సి వచ్చింది.

ఫిబ్రవరి 24, బుధవారం

ఎనిమిది మందీ వచ్చారు. గదిలో నవ్వులు. లెక్కల మేష్టారు తన లేసుకి భూతద్దం పెట్టి చూసుకుని, "నాలో ఇంత కళ ఉందని నా భార్యకి చెప్పినా నమ్మదు" అన్నారు.

సారీగారు గుడ్డ తీసి చూశారు. "ఇది నేనే చేశానా అండీ?" అన్నారు.

"మరెవరు చేస్తారు?" అన్నాను.

ఇంత సులువుగా వచ్చింది ఆ మాట. ఇక గురువారాలు వెళ్ళకూడదనుకుంటున్నాను. వాళ్ళకి అలవాటు పడింది, చేతులు వాటంతటవే కుదురుకుంటాయి.

ఫిబ్రవరి 25, గురువారం

వెళ్ళాను.

మార్చి 3, బుధవారం

మేనేజరు వచ్చి రెండు మాటలు చెప్పాడు. పద్నాలుగో తేదీ ఆదివారం కింద హాల్లో అన్ని క్లాసులూ కూర్చుని జనానికి పని చూపిస్తాయట. చూసినవాళ్ళు అక్కడే కొత్త బ్యాచికి పేర్లిస్తారు. మాకు ఎనిమిది పేర్లొస్తే గది మాది.

"మీరు చెయ్యకండమ్మా" అన్నాడు. "మీరు చేస్తే 'అబ్బ, మనవల్ల కాదు' అని దణ్ణం పెట్టి వెళ్ళిపోతారు. నెల కింద చేరినవాళ్ళెవరినైనా కూర్చోబెట్టండి. అప్పుడు మనమూ చెయ్యగలం అనుకుంటారు." తెలివైనవాడే. దిండ్ల వరస వెంట నడుచుకుంటూ వెళ్ళి ఒక దాని దగ్గర ఆగాడు. "ఇదెవరిది? అద్దంలా ఉంది!"

అద్దంలా ఎందుకు ఉండదు? మిగతావాళ్ళవి అక్కడక్కడా దిద్దాను. అది మాత్రం మొదటి పిన్ను నుంచీ నాది.

అందరూ సారీగారి వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. ఆవిడ రెండు చేతులూ ఎత్తి చూసుకున్నారు, కొత్తగా తొడుక్కున్నట్టు. "సారీ, నేనా?" అన్నారు. "మీరే" అని అందరూ అన్నారు. నేను కూడా అన్నాను. గదిలో అందరికంటే గట్టిగా అన్నానేమో.

మార్చి 10, బుధవారం

సారీగారు ఇవాళ ముందే వచ్చారు. ఆదివారానికి ఇంటిల్లిపాదీ వస్తున్నారట, భర్త, పిల్లలు, అత్తగారు.

"చిన్నప్పటి నుంచి నా చేత్తో ఏదీ కుదరలేదండీ. గిన్నె పట్టుకుంటే పగిలేది. సూది పట్టుకుంటే విరిగేది. మా అమ్మ చుట్టాలొస్తే నన్ను వంటగదిలోంచి పంపించేసేది. ఇదొక్కటీ కుదిరింది. ఎందుకు కుదిరిందో నాకే తెలీదు. రాత్రి పడుకుంటే వేళ్ళు దాటించు, మెలిపెట్టు అంటూ కదులుతుంటాయి."

చెప్పడానికి ఇదే సమయం. గదిలో ఇద్దరమే ఉన్నాం. "ఒకమాట చెప్పాలండీ" అన్నాను కూడా. "చెప్పండి" అన్నారు. "ఆదివారం వెలుతురు కిటికీ వైపు నుంచి వస్తుంది, దిండు అటు తిప్పి కూర్చోండి" అన్నాను.

వెలుతురు గురించి చెప్పాను! నా నోరు పడిపోను.

పక్కనే కూర్చుని గంటసేపు చేయించాను. తప్పు జరగబోతున్నప్పుడల్లా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను. అలా ఆపుతుంటే బాగానే వచ్చింది. ఆదివారం కూడా పక్కనే కూర్చుంటాను. నేను పక్కనుంటే చాలు. ఏమీ కాదు.

మార్చి 12, శుక్రవారం

నిన్న వెళ్ళలేదు. ఇవాళ వెళ్ళి సారీగారి దిండు ఒక్కటే సర్దాను. ఏమీ కాదు.

మార్చి 14, ఆదివారం

రాయకుండా పడుకుందామనుకున్నాను. నిద్ర రాదు.

మేనేజరు నాకు తెలియకుండా వదినని కూడా పిలిచాడు, క్లాసు పెట్టినావిడ అని. మా అన్నయ్య కారులో దింపాడు. వదినని ముందు వరసలో, సరిగ్గా సారీగారి దిండు ఎదురుగా కూర్చోబెట్టారు. నన్ను మైకు దగ్గర నిలబెట్టారు, లేసు గురించి నాలుగు ముక్కలు చెప్పమని. నేను పక్కన కూర్చోవాలని చెప్పబోతే మేనేజరు, "వద్దమ్మా, తనంతట తను చేస్తేనే కదా జనానికి గురి" అన్నాడు.

సారీగారు ఇస్త్రీ చీరలో వచ్చారు, జడ గట్టిగా వేసుకుని. అత్తగారు ఆవిడ వెనకే కుర్చీ వేసుకున్నారు. జనం చుట్టూ మూగారు. గుడ్డ తియ్యగానే "అబ్బా!" అన్నారు. "నెల కిందటి దాకా దారం పట్టుకోవడం కూడా రాదట" అని మేనేజరు అందరికీ చెప్తున్నాడు.

మొదలుపెట్టారు. మొదటి వరస మెల్లిగా సాగింది. రెండో వరసలో ఒక జత వదిలేశారు. నాకు మైకు దగ్గర్నుంచే కనబడింది. నా నోరు ఏదో చెప్తూనే ఉంది, కళ్ళు అక్కడే ఉన్నాయి. మూడో వరసలో చిల్లు పడింది. నాలుగో వరసకి ఆవిడకే తెలిసింది. ఆగారు. పిన్ను తీశారు, మళ్ళీ అక్కడే గుచ్చారు. బాబిన్లు అటూ ఇటూ కదిపి చూశారు. ఎలా వెనక్కి రావాలో ఆవిడకి తెలీదు. నేనెప్పుడూ నేర్పలేదు. నేనే వెనక్కి వచ్చి, నేనే ముందుకి అల్లి, ఏమీ జరగనట్టు గుడ్డ కప్పి పెట్టాను. తప్పు చేస్తే ఏం చెయ్యాలన్నది ఆ ఎనిమిది మందిలో ఒక్కరికీ రాదు.

వదిన ముందుకి వంగింది. కళ్ళజోడు సర్దుకుని, అంచు మీద వేలు పెట్టింది. ఆ వేళ్ళు వంగవు గానీ అంచు ఇంకా గుర్తుపడతాయి.

"అంచుకి రెండు మెలికలు ఎవరు నేర్పారమ్మా నీకు?" అని అడిగింది. వెక్కిరింపుగా కాదు, ముచ్చటపడి అడిగింది.

"రెండా? మాకు ఒకటేనండీ నేర్పింది."

"ఇదిగో, రెండున్నాయిగా. పై నుంచి ఇక్కడి దాకా రెండేసి. ఈ కింద నువ్విప్పుడు చేసిన దానికి ఒకటి."

సారీగారు చూశారు. పై నుంచి కింది దాకా వేలితో తడుముకుంటూ వచ్చారు. వదినకి అప్పుడు అర్థమైంది. వదిన చెయ్యి వెనక్కి తీసుకోవడం చూశాను. తర్వాత ఇద్దరూ నావైపు చూశారు, ముందు వదిన, తర్వాత ఆవిడ.

మైకు నా చేతిలోనే ఉంది. జనం ఉన్నారు. "ఇది ఆవిడ చేసింది కాదు, నేను చేశాను" అని ఒక్క వాక్యం. తప్పు నాదే అని అందరికీ తెలిసిపోయేది, ఆవిడ మీద మాట పడేది కాదు. మైకు కిందికి దించేశాను.

ఆవిడే మాట్లాడారు. "సారీ అండీ, ఇవాళ నాకు చేతులు వణుకుతున్నాయి. సారీ" అని జనానికి చెప్పి లేచారు. వెనక నుంచి అత్తగారు, "నాకు తెలుసు, ఎప్పుడూ ఇంతే" అనడం కూడా వినబడింది.

కొత్త బ్యాచికి పన్నెండు పేర్లు వచ్చాయి. మేనేజరు నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

అన్నయ్య కారులోనే నన్నూ మా వీధిలో దింపారు. నేను దిగుతుంటే వదిన అంది: "నేను నీ లేసు కత్తిరించానని ఇన్నేళ్ళూ నన్ను తిట్టుకున్నావు, నాకు తెలుసు. నేను కత్తిరించింది నీ ఎదురుగా."

మార్చి 15, సోమవారం

లేవలేదు. ఆయన జ్వరమా అని అడిగితే అవునన్నాను. ఇదింకో అబద్ధం.

మార్చి 17, బుధవారం

సారీగారు రాలేదు. ఆవిడ దిండు బీరువాలోనే ఉంది.

మిగతావాళ్ళు గుడ్డలు తీసి బిత్తరపోయారు. "ఇదేంటండీ, నా దాంట్లో ఇన్ని చిల్లులా!" అని మందుల షాపు అమ్మాయి. పోయిన వారం వాళ్ళవి దిద్దలేదు కదా. ఎవరో బీరువా తెరిచి పాడు చేశారని కూతురు, వాచ్‌మన్‌ని అడగాలని తల్లి. పాపం, వాచ్‌మన్ మీదికి పోతోంది.

చెప్పేశాను. నిలబడి, బల్ల అంచు పట్టుకుని చెప్పాను. గురువారాల సంగతి, దిండ్ల సంగతి, ఆదివారం నిజానికి ఏం జరిగిందో. తలెత్తి చూసే ధైర్యం లేక బల్ల మీది పిన్నుల డబ్బాతో మాట్లాడినట్టు మాట్లాడాను.

మందుల షాపు అమ్మాయి, "అంటే రెండో వారం నేను ఏడ్చింది చూసి, నావల్ల కాదనుకున్నారా మీరు?" అంది. కాదమ్మా అన్నాను. కానీ అవును. అదే అనుకున్నాను. అందరి గురించీ అదే అనుకున్నాను. బోర్డు మీద ఏమీ రానివాళ్ళే రండి అని రాసి, వచ్చినవాళ్ళకి ఏమీ రాదనే నమ్మాను.

లెక్కల మేష్టారు భూతద్దం జేబులో పెట్టుకున్నారు. "నేనూ బతుకంతా పిల్లల పేపర్లు దిద్దినవాణ్ణే అమ్మా" అన్నారు. "దిద్దితే ఎర్ర సిరాతో దిద్దాలి, వాడికి కనబడాలి. మీరేమో వాడి దస్తూరీతోనే దిద్దేసి, నూటికి నూరేసి ఇంటికి పంపించారు. ఫొటో తీసి నా భార్యకి చూపించానండీ ఆ లేసు. ఫ్రేము కట్టిద్దామంది."

తల్లీకూతుళ్ళు ఇక రామని చెప్పి వెళ్ళారు. వాళ్ళని తప్పు పట్టను.

మార్చి 18, గురువారం

ఆదివారం పేర్లిచ్చిన పన్నెండు మందికీ ఫోన్ చేశాను. మీరు చూసిన లేసు కొత్తగా నేర్చుకున్నావిడది కాదు, నాది, మీకు అలా రావడానికి ఏళ్ళు పడుతుంది, మొదట్లో అన్నీ చిల్లులే పడతాయి అని చెప్పాను. కొంతమంది నవ్వారు, ఒకాయన నాకు మతి పోయిందనుకున్నాడు. నలుగురు వస్తామన్నారు.

మేనేజరుకి చెప్తే నెత్తి పట్టుకున్నాడు. "పన్నెండుంటే నాలుగు చేసుకున్నారా! మొదటి క్లాసుకి తలలు లెక్కపెడతానమ్మా. ఎనిమిది లేకపోతే ఇంకేం చెయ్యలేను." చెయ్యొద్దనే చెప్పాను.

మార్చి 20, శనివారం

పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కౌంటరు వెనక సారీగారు ఉన్నారు.

"అపాయింట్‌మెంట్ ఉందా అండీ?" అన్నారు. కొత్త మనిషిని అడిగినట్టే.

లేదన్నాను. "అయితే కూర్చోండి" అన్నారు. దవడ వాచినవాళ్ళ మధ్య కూర్చున్నాను. ఫోన్లు మోగుతున్నాయి, ఆవిడ ఎత్తుతున్నారు, సారీ అండీ, సారీ అండీ. ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి, ఒక్కొక్కరే బుగ్గ పట్టుకుని వెళ్ళిపోయారు. చివరికి నేనే మిగిలాను. దగ్గరికి వెళ్ళి, "నన్ను క్షమించండి" అన్నాను. ఆ మాట ఆవిడ ముందు అంటుంటే ఎంత చిన్నదిగా వినబడిందో.

ఆవిడ ఫోను పక్కన పెట్టారు. "ఆ రోజు ఇంటికెళ్ళాక మా అత్తగారు ఏమన్నారో తెలుసా అండీ? 'పోన్లే, పైన చేసింది మాత్రం చూడముచ్చటగా ఉంది' అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆవిడ నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. అది కూడా మీ పనినే మెచ్చుకున్నారు."

ఆవిడ ఎదురుగా ఉన్న రిజిస్టరు మూశారు.

"కాదని చెప్పలేకపోయాను నేను. నేనే చేశానన్నట్టు ఊరుకున్నాను. నాచేత కూడా అబద్ధం ఆడించారు మీరు."

మళ్ళీ ఫోను మోగింది. ఎత్తారు. నాతో మాట్లాడినంతసేపూ ఒక్కసారి కూడా సారీ అనలేదని బస్సెక్కాక తట్టింది.

మార్చి 24, బుధవారం

సారీగారు అందరికంటే ముందు వచ్చారు! సంచీలోంచి కత్తెర తీసి బల్ల మీద పెట్టారు. బీరువాలోంచి దిండు తెచ్చుకుని గుడ్డ తీశారు.

"ఇందులో ఏది నాదో చూపించండి."

పై నుంచి చూపిస్తూ వచ్చాను. ఇది నాది, ఇది నాది, ఇది కూడా. సగం దాకా వచ్చి ఆగాను. "చూపించండి" అన్నారు. ఇదీ నాదే. ఆదివారం జనం ముందు చేసిన ఆ నాలుగు వరసలూ వచ్చాయి, బొటనవేలంత ముక్క, మూడు చిల్లులు, వదులు అంచు. "ఇది మీది" అన్నాను.

కత్తెర తీసుకున్నారు.

"అక్కడ కోస్తే పైన విడిపోతుందండీ."

"విడిపోకుండా ఏం చెయ్యాలి?"

"సూదితో అడ్డంగా కుట్టు వెయ్యాలి. ఇలా ఇవ్వండి నేను..." అని చెయ్యి చాచాను. ఇంత జరిగాక కూడా చెయ్యి చాచాను!

"మీరు చెప్పండి. సూది నా దగ్గర ఉంటుంది" అన్నారు.

చెప్పాను. ఆవిడ కుట్టారు. రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. కింది దారాలు కూడా ఆవిడే ముడివేసుకున్నారు. పని సాగుతుండగా మేష్టారు, మందుల షాపు అమ్మాయి, పొడుగాటావిడ వచ్చి చుట్టూ నిలబడ్డారు. కత్తెర కరక్‌మంది. చిన్నప్పటి చప్పుడే.

తన ముక్క పర్సులో పెట్టుకున్నారు. పొడుగాటి ముక్క, నున్నగా, ఒక్క తప్పు లేనిది, మడిచి నా చేతిలో పెట్టారు. "ఇది మీదండీ."

తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఇప్పుడు విప్పడం నేర్పండి" అన్నారు. నేర్పాను. కావాలని తప్పు చెయ్యమన్నాను, విప్పమన్నాను. మందుల షాపు అమ్మాయికి ఎంత త్వరగా వచ్చేసిందో! మొదటి రోజే నేర్పాల్సింది.

వెళ్ళేటప్పుడు సారీగారు దిండు బీరువాలో పెట్టలేదు. చంకన పెట్టుకున్నారు. "ఇక ఇంటికి తీసుకెళ్తాను" అన్నారు. మేష్టారు కూడా తనది ఎత్తుకున్నారు, మొహమాటంగా నావైపు చూసి. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ. బాబిన్లు టకటకలాడిస్తూ అందరూ మెట్లు దిగి వెళ్ళిపోయారు, పసిపిల్లల్ని ఎత్తుకెళ్తున్నట్టు. బీరువా తెరిచే ఉంది. లోపల ఖాళీ దిండ్లే మిగిలాయి.

మార్చి 31, బుధవారం

బస్సులో దిండు ఒళ్ళో పెట్టుకుంటే అందరూ ఏంటది అని అడుగుతున్నారని మందుల షాపు అమ్మాయి చెప్పింది. మేష్టారికి బస్సులో సీటు కూడా ఇస్తున్నారట.

ఏప్రిల్ 7, బుధవారం

కొత్త బ్యాచి. బోర్డులో ఏమీ మార్చలేదు. మేనేజరు గుమ్మంలో నిలబడి తలలు లెక్కపెట్టాడు.

ఫోన్లో వస్తామన్న నలుగురూ వచ్చారు. తర్వాత ముగ్గురు, బస్సులో చూసి వచ్చామన్నారు. అందులో ఒకాయన, "సారీ సారీ అంటారే, ఆవిడ చెప్పారు. ఏడుపొచ్చేంత తప్పులొస్తాయట కదా, నిజమేనా?" అని ఆశగా అడిగాడు. నిజమేనన్నాను. ఏడుగురు. మేనేజరు చేతులు కట్టుకుని, "ఇంకెవరైనా ఉన్నారామ్మా?" అన్నాడు. బాధగానే అడిగాడు. లేరన్నాను. తాళంచెవి నా కొంగుకే ఉంది. వదిన చేత తాళం వేయించే రోజు వచ్చేసిందనుకున్నాను.

మెట్ల మీద చప్పుడైంది. వదిన. ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చింది. తాళం వెయ్యడానికే వచ్చిందని లేచి నిలబడ్డాను. నన్ను దాటుకుని వెళ్ళి ఖాళీ కుర్చీలో కూర్చుంది.

"వదినా?"

"ఏమీ రానివాళ్ళే రండి అని రాశావుగా" అంది. బిగుసుకుపోయిన రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. "నాకు ఇప్పుడేమీ రాదు. రాసుకోవయ్యా, ఎనిమిది."

మేనేజరు ఎనిమిది అని రాసుకుని కిందికి వెళ్ళిపోయాడు.

వదిన ముందు దిండు పెట్టాను. బాబిన్లు ఆ వేళ్ళ మధ్య నిలవలేదు, జారిపోయాయి. అరచేత్తో నెట్టుకుంటూ దాటించింది. రెండో వరసలోనే ఒక జత తప్పింది. నాకు నేర్పిన మనిషి. నా చెయ్యి దానంతట అదే ముందుకి వెళ్ళింది.

వదిన తలెత్తలేదు. "చెయ్యి తియ్యి" అంది.

తీశాను.

"తప్పు చేశాను. ఎలా విప్పాలో చెప్పు."

చేతులు ఒళ్ళో పెట్టుకుని, ముందు పిన్ను తియ్యమని చెప్పాను.